పదమూడో ఫారం

ఆ సమీక్షలో ఒక్క వాక్యం దగ్గరే ఆరాలమ్మ ఆగిపోయింది. "కూతురికి తల్లి మీద అంత పగ ఎందుకో రచయిత్రి మూడు వందల పేజీల్లో ఎక్కడా చెప్పదు, బహుశా ఆమెకే తెలియదు" అని ఉంది. మిగతా వెటకారమంతా ఆ పెద్దమనిషి ఇష్టం, ఎవరి నోరు వారిది. కానీ ఈ ముక్క మాత్రం నిజం కాదు. ఆ పగ ఎందుకో నవల నడిమధ్య పదహారు పేజీల నిండా ఉంది. పోయిన వారం ఆ పుస్తకం కొని, రెండు రోజులు కూరలు మాడబెట్టుకుంటూ చదివింది కాబట్టి ఆమెకు తెలుసు.

తప్పిపోయిన మనుషుల ఆరాలు తీయడం పద్నాలుగేళ్ళుగా ఆమె పని. అందుకే అందరికీ ఆరాలమ్మ. ఎవరింట్లో ఎవరు కనపడకపోయినా ముందు చెడే తడుతుంది ఆమెకు. ఆ చెడ్డ బుద్ధే అన్నం పెడుతోందని తనలో తాను అనుకుంటుంది.

ఇప్పుడు కనపడనిది ఆ నవల రాసిన అమ్మాయి. ఇరవై ఎనిమిదేళ్ళు, మొదటి పుస్తకం, పేరు 'లోపలి గడియ'. ఆదివారం పొద్దున పేపర్లో సమీక్ష వచ్చింది. సాయంత్రం నాలుగింటికి తన పుస్తకం మీదే పెట్టిన సభకు ఆ అమ్మాయి రాలేదు. ఫోన్ ఆపేసి ఉంది. పబ్లిషరు ఐదింటికి ఇంటికి వెళ్ళి తల్లిని అడిగితే, పొద్దున పదింటికి వెళ్ళిన పిల్ల మళ్ళీ రాలేదంది. ఆయన ఆరింటికి పోలీసులకు చెప్పాడు, వాళ్ళ మీద నమ్మకం చాలక ఆరాలమ్మకూ ఫోన్ చేశాడు. పిల్లకు చిన్నప్పటి నుంచి ఆయాసం అని కూడా చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆరాలమ్మకు తన ఊపిరి తనకే వినపడుతోంది.

సోమవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు ఆమె ఆ సమీక్ష రాసిన విమర్శకుడి ఇంట్లో అడుగు పెట్టేసరికి ఇన్‌స్పెక్టర్ అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రండి ఆరాలమ్మ గారూ. మీకు శ్రమ తప్పింది. మాష్టారు మాతో వస్తున్నారు," అన్నాడు.

ఆయన లెక్క సూటిగా ఉంది. ఆదివారం పదీ నలభైకి అమ్మాయి ఈ గుమ్మం ఎక్కడం ఎదురు దుకాణం వాడు చూశాడు. దిగడం ఎవరూ చూడలేదు. ఐదు నిమిషాలే ఉండి వెళ్ళిపోయిందని విమర్శకుడు అంటున్నాడు గానీ, ఆ మాట అంటున్నప్పుడల్లా కళ్ళు నేలకేస్తున్నాడు. తిట్టింది ఈయన, ఆఖరున చూసింది ఈయన. ఇంకేం కావాలి అన్నట్టు ఇన్‌స్పెక్టర్ కాలు మీద కాలు వేసుకున్నాడు.

విమర్శకుడు అరవై దాటిన ఒంటరి మనిషి. ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఒక పుస్తకం గురించి రాస్తాడు. ఆయన బాగుందంటే పుస్తకం దుకాణంలో ఉంటుంది, బాగా లేదంటే పాత కాగితాల వాడి తూకంలో ఉంటుంది. అలాంటి మనిషి ఇప్పుడు చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ, తీసేస్తూ, మళ్ళీ పెట్టుకుంటూ ఉన్నాడు.

ఆరాలమ్మ కూర్చోలేదు. "మాష్టారూ, ఆ నవల్లో చెల్లెలు ఎలా చనిపోయింది?" అని అడిగింది.

"ఏ చెల్లెలు?" అన్నాడు ఆయన.

చదవకుండానే రాశారన్నమాట అని ఆమె అంటే ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. జీవితంలో ఒక్క పుస్తకం చదవకుండా ఒక్క వాక్యం రాయలేదట. గబగబా బీరువా తీసి, ప్రతి పేజీ అంచునా పెన్సిల్ గీతలున్న పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టాక గాని తను చేసిన పొరపాటు తెలియలేదు. వెనక్కి తీసుకోబోయాడు. ఆరాలమ్మ అప్పటికే పేజీలు తిప్పుతోంది.

నూట తొంభై రెండు తర్వాత రెండు వందల తొమ్మిది.

ఆ రెండు పేజీల మధ్య అంచున పెన్సిల్‌తో రాసి ఉంది: "ఇక్కడ కాలాన్ని తుంచేసింది. అనవసరపు ప్రయోగం."

ఇన్‌స్పెక్టర్ తొంగి చూసి ఫక్కున నవ్వాడు. "పేజీల నంబర్లు చూసుకోరా మాష్టారూ?"

విమర్శకుడి ముఖం సున్నం కొట్టినట్టయింది. ఇప్పటి కుర్రకారు ఏమైనా రాస్తారు, అదీ ఒక ఎత్తు అనుకున్నానని గొణిగాడు. పేజీ అంకెలు చూడటం మానేసి ఎన్నేళ్ళయిందో తనకే తెలియదట.

ఇది బైండింగు వాళ్ళ తప్పు, పిల్ల కోపంతో వచ్చింది, మాటా మాటా పెరిగింది అని ఇన్‌స్పెక్టర్ మళ్ళీ తన దారికే వచ్చాడు. ఆరాలమ్మ రెండో ప్రతి అడిగింది. సమీక్షకు పంపే పుస్తకాలు ఎప్పుడూ రెండు పంపాలి, ఒకటి పంపితే పేపరు వాళ్ళు ముట్టరు. ఆ ఆనవాయితీ ఆమెకు పబ్లిషరు చెప్పాడు. విమర్శకుడు రెండోది దులిపి ఇచ్చాడు. అందులోనూ అవే పదహారు పేజీలు లేవు.

పుస్తకాన్ని పెద్ద కాగితాల మీద పదహారేసి పేజీలుగా అచ్చు వేసి, మడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కుడతారు. ఆ ఒక్కో మడతనీ ఫారం అంటారు. పోయింది పదమూడో ఫారం. సమీక్షలో ఆ వాక్యం చూసి అనుమానంతో ఆరాలమ్మ అడిగితే, తన దగ్గర మిగిలిన మూడు వందల ప్రతులూ పబ్లిషరు రాత్రి కూర్చుని తిరగేశాడు, అన్నిట్లో అది ఉంది. ఈ రెండింట్లోనే లేదంటే చెయ్యి జారిన పని కాదు.

ఆమె అట్టని మెల్లగా వెనక్కి వంచి పుస్తకం వెన్ను వాసన చూసింది. దుకాణంలో కొన్న తన ప్రతికి రసాయనపు జిగురు వాసన వస్తుంది. దీనికి ఉడికించిన మైదా వాసన. మైదా జిగురు కాచి అంటించే వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? లోపల దారం తెంచి, మళ్ళీ వేసిన ముడి ఒకటి కనపడింది. రెండు చుట్లు తిప్పి, కొస పంటితో కొరికిన ముడి. రెండో ప్రతిలోనూ అదే ముడి, అదే కొరుకుడు.

"అమ్మాయి ఈ ముడి చూసిందా?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

విమర్శకుడు కూలబడ్డాడు. అప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. ఐదు నిమిషాలు కాదు, నలభై నిమిషాలు ఉంది. పగ ఎందుకో చెప్పలేదని ఎలా రాశారు అని అడగడానికే వచ్చింది. ప్రతి తీసి చూపిస్తే పేజీలు లేవని ఆమే కనిపెట్టింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. వచ్చే ఆదివారం క్షమాపణ వేస్తానన్నాడు. ఆమె అదేదీ వినలేదు. వెన్నులోకి చూస్తూ కూర్చుంది. ఊపిరి అందక సంచిలోంచి పీల్చే మందు తీసి రెండుసార్లు పీల్చింది.

"ఎలా ఉంది ఆ మందు డబ్బా?"

"నీలంది. మూత లేదు. మూత బదులు పసుప్పచ్చ రబ్బరు బ్యాండు చుట్టి కాగితం కట్టింది. ఇంత చదువుకున్న పిల్ల మూత కూడా కొనుక్కోదా అనుకున్నాను, అందుకే గుర్తు." ఆయన మళ్ళీ గుండీ పట్టుకున్నాడు. "వెళ్తూ ఒక్క మాటే అంది. 'ఈ ముడి నాకు తెలుసండీ' అంది. పదకొండూ ఇరవై అప్పుడు. నేను పేజీలు చూసుకోకుండా రాశానని ఊరంతా నవ్వుతారని చెప్పలేదు తల్లీ. ఆ పిల్ల ఏమైనా చేసుకుంటే..."

ఆరాలమ్మ అప్పటికే గుమ్మం వైపు నడిచింది.

మెట్లు దిగుతూ ఆరాలమ్మ తన కూతురికి ఫోన్ చేసింది. పొద్దుటి నుంచి అది నాలుగోసారి. ఎత్తలేదు. శనివారం కూతురి పుస్తకాల మధ్య చేతిరాత నోటుబుక్కు కనపడితే, ఏ కుర్రాడి పేరుందో ఏ చావు మాట ఉందోనని గుండె దడదడలాడుతుంటే చదివేసింది. అందులో ఏమీ లేదు. పరీక్షల భయం, ఒక స్నేహితురాలి మీద అలక, అమ్మ ప్రతిదానికీ బెంబేలెత్తుతుందన్న విసుగు. చదివినట్టు పిల్లకు తెలిసిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో రెండు గొంతులు లేవు, ఒక్కటే ఉంది. పిల్లలు రాసుకున్నది దొంగతనంగా చదివే తల్లి చేతులు ఎలా వణుకుతాయో ఇప్పుడు ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ఆ ముడి ఎవరిదో కూడా ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"మీరు మాష్టారిని తీసుకెళ్ళండి, తీసుకెళ్ళకపోండి," అంది ఇన్‌స్పెక్టర్‌తో, "నేను మాత్రం తల్లి దగ్గరికి వెళ్తున్నాను. మీరా నవల చదివారా?"

"నవలలు చదివే తీరిక మాకెక్కడిదండీ?"

"చదివితే తెలిసేది. అందులో తల్లి పుస్తకాలు కుట్టే మనిషి."

ఆయనకు కోపం నషాళానికంటింది. అయినా జీపు ఆమె వెనకే వచ్చింది.

తల్లి ఇంటి గేటు దగ్గర స్టూలు వేసుకుని కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు. ఆదివారం రాత్రి ఏడింటి నుంచి అక్కడే ఉన్నాడట. పెద్దావిడ ఒక్కతే ఉంది, అఘాయిత్యం ఏమైనా చేసుకుంటుందని ఇన్‌స్పెక్టరే పెట్టించాడు. పొద్దున ఆరింటికీ, మళ్ళీ తొమ్మిదింటికీ ఆవిడ చేతిలో సంచితో బయటికి రాబోతే, ఏం కావాలన్నా నేనే తెచ్చిపెడతాను కూర్చోమ్మా అని లోపలికి పంపేశాడు. ఆ మాట అతను గొప్పగా చెప్పాడు. ఆరాలమ్మ ఆ సంచి దగ్గర ఆగింది. సంచిలో ఏముందని అడిగితే, నీళ్ళ సీసా ఒకటి పైకి కనపడిందన్నాడు.

లోపల ఒకే గది, ఒక వంటగది. తల్లి యాభై ఐదేళ్ళ మనిషి, సన్నగా, భుజాలు ముందుకు వంగిపోయి ఉంది. ముప్పై ఏళ్ళు బైండింగు షెడ్డులో ఫారాలు పేర్చి కుట్టిన భుజాలు. ఆ షెడ్డు మూతపడి ఆరేళ్ళయింది. యజమాని నమ్మకంతో దాని తాళం చెవి ఈవిడ దగ్గరే ఉంచాడు, వారానికోసారి ఊడ్చి వస్తుంది. ఇదంతా అడక్కుండానే, ఆపకుండానే చెప్పుకుపోయింది. మధ్యలో మాట ఆపితే ఇంకేదో బయటికొస్తుందన్నట్టు.

వంటగది కిటికీ గూట్లో మందుల సీసాల వెనక నీలం డబ్బా ఒకటి ఉంది. మూత లేదు. పసుప్పచ్చ రబ్బరు బ్యాండు.

ఆరాలమ్మ దాన్ని తీసి చేతిలో పట్టుకుంది. పాతది అంది తల్లి, పారేద్దామనుకుంటున్నాను అంది.

"అక్కా, నిన్న పదకొండూ ఇరవై దాకా ఇది మీ అమ్మాయి సంచిలో ఉంది. ఇంటికి రాకుండా ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?"

తల్లి గోడకు కొట్టిన మేకు వైపు ఒక్కసారి చూసి కళ్ళు తిప్పేసుకుంది. మేకుకి తాళం చెవి లేదు. ఆవిడ కుడిచెయ్యి తాము వచ్చినప్పటి నుంచీ పిడికిలి విప్పలేదని ఆరాలమ్మ అప్పుడు గమనించింది.

ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచబోయాడు. ఆరాలమ్మ చేత్తో వారించి, తల్లి పక్కన నేల మీద కూర్చుంది. శనివారం తాను చేసిన పని చెప్పింది. కూతురి నోటుబుక్కు సంగతి, వణికిన చేతుల సంగతి, ఎత్తని ఫోన్ సంగతి. పోలీసు ముందు, కానిస్టేబుల్ ముందు చెప్పుకోవడం ఆమెకు ప్రాణం మీదికొచ్చింది గాని చెప్పింది.

"మీరూ చదివారు కదా అక్కా, పంపే ముందు," అని ఆగింది.

తల్లి పెదవులు కదిలాయి. పేపరుకు పంపాలని కూతురు ఇంటికి తెచ్చిన రెండు ప్రతులకూ కవర్లు కట్టింది తనేనట. కడుతూ కడుతూ మధ్యలో విప్పి చూసిందట. అందులో ఒక బైండింగు షెడ్డు ఉంది. కాగితం కోసే మిషను దగ్గరికి పిల్లలు వస్తారేమో, వేళ్ళు పోతాయేమో అని భయపడే తల్లి ఉంది. ఏడేళ్ళ పెద్దదాన్నీ నాలుగేళ్ళ చిన్నదాన్నీ కాగితాల గదిలో పెట్టి బయట గడియ వేసింది ఆ తల్లి. మధ్యాహ్నం ఎండ, దుమ్ము, చిన్నదానికి ఆయాసం. పెద్దది తలుపు బాదితే మిషను రొదలో వినపడలేదు.

"మూడు పేజీలు చదివాను. ఆ తర్వాత అక్షరాలు కనపడలేదు," అంది తల్లి.

ఇరవై ఒక్క ఏళ్ళ కిందట అందరూ వచ్చి అడిగినప్పుడు, పిల్లలే ఆడుకుంటూ లోపల గడియ పెట్టుకున్నారని చెప్పిందట. పెద్దదే పెట్టిందని చెప్పిందట. ఏడేళ్ళ పిల్ల, అమ్మ చెప్పింది కదా, అదే నిజం అనుకుని పెరిగింది. చెల్లెల్ని తనే చంపానని అనుకుంటూ పెరిగింది. నిద్రలో లేచి తలుపు గడియలు తడుముకునేది. నవల్లో బయట గడియ అని ఊహించి రాసింది గాని, అమ్మ ఆ పేజీలు తీసేసిందాకా అదే నిజమని తనకూ తెలియదట.

"ఎవరో ఒకరిద్దరు చదువుకుంటే ఏం పోయింది. ఆయన రాస్తే మాత్రం ఊరంతా చదువుతుంది. ఆ ఒక్కాయన కంట పడకపోతే చాలనుకున్నాను. పుస్తకం బాగా లేదని తిడతాడని నాకేం తెలుసమ్మా. దాని పుస్తకాన్ని నా చేత్తో నేనే చంపాను." ఆవిడ పిడికిలి ఇంకా బిగిసింది.

ఆదివారం పన్నెండింటికి కూతురు వచ్చింది. సంచి బల్ల మీద పడేసి నేరుగా తల్లి కుట్టు పెట్టె తీసింది. సూదులు, దారపు ఉండలు, అడుగున రెండు ఫారాలు. కేకలేమీ వేయలేదు. షెడ్డులో ఆ గదికి వెళ్దాం పద, లోపలి గడియ ఎక్కడుందో చూపించు అంది. ఇద్దరూ వెళ్ళారు. తలుపు లోపలి వైపు ఎప్పుడూ ఏ గడియా లేదు, కనీసం మేకు దెబ్బ కూడా లేదు. కూతురు ఆ చెక్కని నిమురుతూ, నాలుగింటికి సభలో ఇదంతా చెప్పేస్తాను అంది.

"ఎటు పోతుందో, ఏ రైలు కింద పడుతుందో అని భయమేసింది. నలుగురూ నన్నేమంటారో అని కూడా భయమేసింది. ఏది ముందో నాకు తెలీదు. నాలుగు దాటేదాకా ఉంటే చాలనుకున్నాను. నా చెయ్యే గడియ వేసేసింది తల్లీ. నేను వెయ్యలేదు, నా చెయ్యే."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో రంగు లేదు.

మూడింటికి వెళ్ళి పైన గవాక్షంలోంచి నీళ్ళ సీసా జారవిడిచిందట. తలుపు తీయడానికి ధైర్యం చాలలేదు. నాలుగు దాటినా తీయలేక అక్కడే కూర్చుని, ఐదు కావస్తుంటే ఇంటికొచ్చాక బల్ల మీద సంచి, సంచిలో నీలం డబ్బా చూసుకుంది. అది పట్టుకుని పరిగెత్తబోయేసరికి పబ్లిషరు వచ్చాడు. తర్వాత పోలీసులు వచ్చారు. తర్వాత గేటు దగ్గర స్టూలు వచ్చింది.

"పొద్దున రెండుసార్లు వెళ్ళబోయాను. ఆ బాబు వెళ్ళనివ్వలేదు. చెప్పడానికి నోరు రాలేదు."

ఒంటిగంటా నలభై. ఇరవై ఐదు గంటలుగా ఒక్క సీసా నీళ్ళు, మందు లేదు, గది నిండా పాత కాగితపు దుమ్ము. అంతకు మించి లెక్క వేయడం ఆరాలమ్మకు చేతకాలేదు. తల్లి పిడికిలి విప్పి తాళం చెవి తీసుకుంది. అరచేతిలో దాని ఆకారం ఎర్రగా పడి ఉంది.

షెడ్డు రెండు వీధుల వెనక. తల్లినీ కానిస్టేబుల్‌నీ ఎక్కించుకుని జీపులో మూడు నిమిషాలు. అటు వైపు రేకులు కోసే కార్ఖానా రొద, ఎవరు అరిచినా వినపడని రొద. బయటి తాళం తీసి, చీకటి షెడ్డు దాటి, వెనక గది తలుపు దగ్గరికి చేరారు. ఇనప గడియ అడ్డంగా ఉంది. ఆరాలమ్మ దాని మీద చెయ్యి వేయబోయింది.

లోపలి నుంచి చెక్క మీద రెండు వేళ్ళతో కొట్టిన చప్పుడు. చాలా నెమ్మదిగా. తర్వాత ఈల లాంటి ఊపిరి. ఆ ఊపిరి మధ్య ఒక్కో మాట.

"అమ్మా. వచ్చావా. గడియ ఎటు వైపు ఉందో నువ్వే చెప్పు. చెప్పాక తీయి."

ఆరాలమ్మ చెయ్యి గడియ మీదే ఆగింది. తీయడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం ఆ పిల్లది కాదా అన్న ఆలోచనా, లోపల ఊపిరి ఆగిపోతుందన్న భయమూ రెండూ ఆ చేతిని చెరో వైపు లాగాయి. పక్కన ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కేసులు రాసుకునే పుస్తకం తీశాడు. తల్లి ఆ పుస్తకం చూసింది. పోలీసు ముందు ఆ మాట అంటే ఏమవుతుందో ఆవిడకు తెలుసు.

"బయటే తల్లీ," అంది. "అప్పుడూ బయటే. నేనే వేశాను. నీకు అందేది కూడా కాదు అది."

ఆరాలమ్మ గడియ లాగింది.

పిల్ల తలుపుకే ఆనుకుని కూర్చుని ఉంది. తలుపుతో పాటు ముందుకు ఒరిగింది. పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నీలం డబ్బా నోటికి పెట్టి ఆరాలమ్మ లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి. ఇన్‌స్పెక్టర్ అంబులెన్సు కోసం ఫోన్‌లో అరుస్తున్నాడు. అరవడం అయ్యాక గొంతు తగ్గించి, ఎవరితోనో కాక తనతో తనే అన్నట్టు, "చావు కేసు పాతదైనా చావు కేసేనండీ," అన్నాడు. స్టూలు వేయించింది తనే అన్న సంగతి ఆ పుస్తకంలో ఎక్కడ రాయాలో ఆయనకు తోచినట్టు లేదు. కలం తెరిచి అలాగే ఉంది.

పిల్లకు ఊపిరి కొంచెం దారిలో పడింది. ఒళ్ళో ముడతలు పడ్డ కాగితాలు ఉన్నాయి. తల్లి వైపు చూడకుండానే అడిగింది.

"చివరిదాకా చదివావా?"

తల్లి తల అడ్డంగా ఊపింది. "మూడు పేజీలే."

రెండు వందల ఏడో పేజీలో ఏముందో ఆరాలమ్మకు తెలుసు. ఆ పేజీలో కూతురు అదే మిషను ముందు అమ్మ నిలబడిన చోట నిలబడి, నా పిల్లలు ఇక్కడుంటే నేనూ ఈ గడియే వేసేదాన్ని అనుకుంటుంది. విమర్శకుడు చదవని పేజీ, తల్లి చదవని పేజీ. చెప్పేస్తే ఒక మనిషి గుండె తేలికపడుతుంది. కానీ చెప్పాల్సింది తను కాదు. ఇంకొకరు రాసుకున్నది చదివి, అందులో ఏముందో తనే తేల్చేసే పని ఆమె శనివారమే ఒకసారి చేసింది.

పిల్ల ఒక ఫారం తల్లి వైపు జరిపింది. దూరంగా అంబులెన్సు మోత మొదలైంది. తల్లి గుమ్మం మీదే కూలబడి, ముప్పై ఏళ్ళుగా చదవకుండా పేజీలు పేర్చిన వేలితో ఒక్కో అక్షరం కింద గీత గీస్తూ, ఇద్దరు పోలీసుల ముందు, పైకే, నాలుగో పేజీ చదవడం మొదలుపెట్టింది.